ఏడు రోజుల నోటీసు

ఎదురింటావిడ పొద్దున్నే చెత్తబుట్ట బయట పెట్టడానికి వచ్చి, మెట్ల దగ్గర ప్రిన్సిపాల్ గారి భార్యను ఆపి చెప్పిందట: లా స్కూలును ఆ ప్రైవేటు యూనివర్సిటీ చేతిలో పెట్టేశారట, అందుకు మీ ఆయనకి పెద్ద కుర్చీ, డ్రైవరుతో సహా కారు ఇస్తున్నారట, ఆ ముసలి టీచరమ్మ ఎలాగూ ఒప్పుకోదు కాబట్టి ఆవిడ కంటి ఆపరేషనై బోర్లా పడి ఉన్నప్పుడు, మత్తు దిగకముందే బొటనవేలికి సిరా పూసి కాగితాల మీద అద్దించుకున్నారట, నేనన్నానని అనకు వదినా, మా మరిది చెప్పాడు, మా మరిదికి బోర్డులు రాసే పెయింటరు చెప్పాడు. భార్య ఆ మాటకు తన వంతు ఉప్పూకారం కలపకుండా, ఎలా విన్నదో అలాగే తెచ్చి టీ గ్లాసుతో పాటు అతని ముందు పెట్టింది. పెట్టి, "వేలిముద్ర సంగతి అబద్ధమే కదండీ" అంది. అబద్ధమే అన్నాడతను. ఆవిడ కాసేపు నిలబడి, ఇంకేమైనా అంటాడేమోనని చూసి, గ్లాసు ఖాళీ కాకుండానే తీసుకుని వెళ్ళిపోయింది. అబద్ధమే మరి. కానీ అది అబద్ధమని ఎదురింటావిడకి చెప్పాలంటే నిజం ఏమిటో చెప్పాలి, నిజం చెప్పడం మొదలుపెడితే వేలిముద్రే నయమనిపిస్తుంది. వేలిముద్ర వేయించుకునేవాడు కనీసం ఆ మనిషి చేయి పట్టుకుంటాడు, ఎదుట నిలబడతాడు. తను ఆ పాటి పని కూడా చేయలేదు.

ఇప్పుడతను కంటి ఆసుపత్రి మొదటి అంతస్తు వరండాలో, నాలుగేసి కలిపి బిగించిన ఇనుప కుర్చీల్లో చివరిదానిలో కూర్చుని ఉన్నాడు. ఎవరు లేచినా నలుగురూ కదులుతారు, ఎవరు కాలు ఊపినా నలుగురికీ తెలుస్తుంది, అందుకని రెండు పాదాలూ నేలకి అదిమి పెట్టాడు. ఎదురుగా ఆకుపచ్చ తలుపు. బళ్ళో అందరూ పెద్ద టీచర్ గారు అని పిలిచే ఆ టీచరమ్మ, తన చెల్లెలి కూతురి చేయి పట్టుకుని ఆ తలుపు వెనక్కి వెళ్ళి పది నిమిషాలైంది. మూడు విడతలు చుక్కలు వేయాలి, కంటిపాప విచ్చుకోవాలి, తరవాత ఫోటోలు తీయాలి, తరవాత డాక్టరు చూడాలి, గంట పడుతుందండీ అంది నర్సు, అతను ఏదో తొందర పడుతున్నట్టు. అతనికి తొందర లేదు. ఆ గంట నాలుగ్గంటలైనా అభ్యంతరం లేదు. చుక్కల మసక సాయంత్రానికి దిగిపోతుంది, ఆ తరవాత ఆవిడ నిక్షేపంగా చదువుకోవచ్చని డాక్టరు నిన్న ఫోనులోనే అన్నాడు. ఆ మాటకి చెల్లెలి కూతురు ఎంత సంబరపడిందో, పెద్దమ్మకి కళ్ళొచ్చాయి బాబాయ్ అని అతనికి ఫోను చేసి చెప్పింది. అతనూ సంబరపడ్డాడు, నిజంగానే, ఒక్క క్షణం. మరుక్షణం దారి గుర్తొచ్చింది. ఇంటికి తిరిగి వెళ్ళే దారి స్కూలు ముందు నుంచే. కొత్త బోర్డు రాసే పెయింటరు పొద్దుట్నుంచీ అక్కడ నిచ్చెన మీదే ఉన్నాడు. రేపు మొదలుపెట్టవయ్యా అంటే, రేపు నాకు ఇంకో చోట పని ఉంది సార్, ఇవాళైతే ఇవాళ, లేకపోతే వచ్చే వారం అన్నాడు. వచ్చే వారమే అని ఉండాల్సింది. నోరు రాలేదు. ఒక్కొక్క అక్షరం మూరెడు, ఎర్రరంగు, యూనివర్సిటీ పేరు పైన, స్కూలు పేరు కింద చిన్నగా. ఆ అక్షరాలు చదవడానికి మసక దిగక్కర్లేదు.

చెప్పాలి. ఈ గంటలో మాటలు పోగు చేసుకోవాలి. టీచర్ గారూ, ఒక విషయం. అలా కాదు. టీచర్ గారూ, మీరు ఆరోగ్యం బాగాలేక ఉన్నప్పుడు. అది అసలే కాదు. బాగాలేకపోవడం ఏమిటి, ఆవిడ డెబ్భై ఎనిమిదేళ్ళ వయసులో రాయిలా ఉంది, కంటి లోపలి పొర ఒకటి ఊడివచ్చింది, అంతే. రెండో కన్ను చిన్నప్పట్నుంచీ అంతంతమాత్రమే. ఉన్న ఒక్క మంచి కన్నుకీ ఆపరేషను చేసి, లోపల గాలిబుడగ ఏదో పెట్టి, అది పొరని వెనక్కి ఒత్తి పట్టుకోవాలంటే పది రోజులు మొహం నేలకేసి ఉంచాలన్నారు. తిండికీ స్నానానికీ తప్ప లేవకూడదు, లేచినా తల వంచుకునే ఉండాలి. ఎవరికీ ఎప్పుడూ తల వంచని మనిషి, అని స్టాఫ్ రూములో ఎవరో నవ్వారు. అతనూ నవ్వాడు. ఆవిడ మంచానికి తలవైపు రెండు దిండ్లు ఎడంగా పేర్చి, మధ్యలో సందు వదిలి, ఆ సందులో మొహం పెట్టి పడుకునేది. ఆ సందులోంచి ఆవిడకి కనిపించేది అరచేయంత నేల, అదీ నీళ్ళల్లోంచి చూసినట్టు. అతను రోజూ పదింటికి వెళ్ళేవాడు, పీట వేసుకుని తలవైపు కూర్చుని పేపరు చదివి వినిపించేవాడు. మొదటి రోజు ఆవిడ దిండ్ల మధ్య నుంచి, ఒరేయ్ కాటా, నీ చెప్పుల చప్పుడు మారింది, కుడికాలిది అరిగింది, కొత్తవి కొనుక్కో అంది. కొనుక్కున్నాడు. ఇప్పుడు ఇనుప కుర్చీ కింద నేలకి అదిమి పెట్టినవి ఆ కొత్తవే, ఇంకా మడమ దగ్గర కరుస్తున్నాయి.

కాటా అని ఆ పేరు ఆవిడ పెట్టిందే. ముప్పై ఒక్కేళ్ళ కిందట, ఊరు విడిచి వచ్చి, లారీలు తూచే కాటా దగ్గర చీటీలు రాసే గుమాస్తాగా పగలంతా దుమ్ము మింగి, సాయంత్రం ఆరింటికి ఆ పాత బట్టల గోదాము మెట్లెక్కి పై అంతస్తులో క్లాసుకి వచ్చేవాడు. తల మీద ఊక, చొక్కా జేబులో కాటా చీటీలు. నువ్వేం పని చేస్తావయ్యా అని అడిగి, లారీలు తూస్తానండీ అంటే, మంచిదే, ఇక్కడా తూచే పనే, కాకపోతే ఇక్కడ లారీ డ్రైవరు మాట కూడా వినాలి అంది. అప్పుడా బడిలో పగటి క్లాసులే లేవు. బడి పుట్టిందే సాయంత్రం బడిగా. లా స్కూలు అని రికార్డుల్లో ఉంటుంది, ఆవిడ నోట ఎప్పుడూ బడే. అయిదుగురు వకీళ్ళు కోర్టు నుంచి తిన్నగా వచ్చి నల్లకోట్లు మేకుకి తగిలించి పాఠం చెప్పేవారు. వాళ్ళే పెట్టారు బడిని, ఎవరి నీడా అక్కర్లేదని, ఏ యూనివర్సిటీ గొడుగూ వద్దని. ఆ అయిదుగురిలో నలుగురు పోయారు. మిగిలింది ఈవిడ ఒక్కతే. మొదటి వారం పాఠం ఎప్పుడూ ఆవిడదే. ఒక కాగితం మడిచి తన చేతిసంచిలో వేసుకుని, జిప్పు లాగి, ముందు బెంచీలో కునికిపాట్లు పడుతున్నవాడిని లేపి, నీ మీద దావా వేశాను, నోటీసు ఇదిగో సంచిలో ఉంది, నీకు అందినట్టేనా అనేది. క్లాసంతా గొల్లుమనేది. నవ్వు అణిగాక నెమ్మదిగా, నవ్వుతారు గానీ రేపు కోర్టుల్లో మీరు చేయబోయేది ఇదే, కాగితం పంపించాం, గోడకి అంటించాం, రూలు ప్రకారం అయిపోయింది అంటారు. అవతలివాడికి తెలిసిందా అన్నది ఒక్కటే మిమ్మల్ని మీరు అడగండి, అది తప్ప మిగతాదంతా జిగురు ఖర్చు అనేది. ఆ కునికిపాట్లవాడు అతనే. ఆ పాఠాన్ని ఆవిడ మానేశాక పద్నాలుగేళ్ళుగా అతనే చెబుతున్నాడు, అదే సంచి ఆట, అదే చోట ఆగడం, అదే చోట నవ్వు. ఈ ఏడు కూడా చెప్పాడు.

పక్క కుర్చీ కదిలింది. ఒక కంటికి తెల్లటి రేకు అతికించుకున్న పెద్దాయన, చేతిలో మూడు కాగితాలు పట్టుకుని ఇటు తిరిగాడు. "అయ్యా, సంతకం పెట్టమన్నారు. కాస్త ఇందులో ఏముందో చదివి పెడతారా." అతను తీసుకున్నాడు. ఆపరేషనుకి ఒప్పుకోలు పత్రం. చదివాడు. మొదటి కాగితం, రెండో కాగితం, మూడో కాగితం వెనకపక్క చీమ అక్షరాల్లో ఉన్నది కూడా. ఇక్కడ ఏమంటున్నారంటే తాతా, ఆపరేషను మధ్యలో ఇంకో ఇబ్బంది కనిపిస్తే మళ్ళీ మిమ్మల్ని అడక్కుండా అది కూడా సరిచేసేస్తామంటున్నారు, మీకది ఇష్టమేనా, వద్దంటే ఈ గీత దగ్గర వద్దని రాయచ్చు అని విప్పి చెప్పాడు. పెద్దాయన ఆలోచించి, "చేస్తే చేశారులే, అడిగారుగా" అని వేళ్ళతో తడుముకుంటూ సంతకం చేసి, "నీ కడుపు చల్లగుండ, ఇంత ఓపిగ్గా ఎవరు చదువుతారు" అన్నాడు. అతను లేచి కిటికీ దాకా వెళ్ళి మళ్ళీ వచ్చి కూర్చున్నాడు. నాలుగు కుర్చీలూ కిర్రుమన్నాయి.

ఆ పది రోజులూ ఆవిడకి కూడా ఓపిగ్గానే చదివాడు. వాతావరణం చదివాడు, చావుకబుర్లు చదివాడు, ఎక్కడో గేదె బావిలో పడితే బయటికి తీసిన వార్త చదివాడు, దానికి ఆవిడ దిండ్ల మధ్య నుంచి నవ్వి, నేనూ అలాగే ఉన్నాను, నన్నెప్పుడు తీస్తారో అంది. అయిదో పేజీ మాత్రం తిప్పేసేవాడు. అయిదో పేజీ కింద కుడివైపున ఆ యూనివర్సిటీ ప్రకటన వచ్చేది, త్వరలో మా న్యాయశాస్త్ర విభాగం అని. ఒక పూట ఆవిడ, ఏరా, ఇవాళ పేపరు పలచగా ఉంది అంది. అవునండీ, ఈ మధ్య వార్తలు తగ్గాయి అన్నాడు. అంతలోనే అంత తేలిగ్గా ఎలా వచ్చిందా మాట. కాటా దగ్గర పనిచేసినప్పుడు ఒక్క చీటీ దొంగది రాయలేదు. లారీవాళ్ళు సిగరెట్లు ఇవ్వబోతే పుచ్చుకోలేదు. ఆ నిజాయితీ అంతా ఏమైంది, ఎవరూ ఏమీ ఇవ్వకుండానే పోయిందా.

నోటీసు రెండో రోజు అంటించాడు. తొమ్మిదో నిబంధన. స్కూలును వేరే సంస్థతో కలపాలన్నా, దాని కిందికి తేవాలన్నా ఆ ప్రతిపాదనను ఏడు పూర్తి రోజులు మెట్ల మలుపులో ఉన్న నోటీసు బోర్డులో పెట్టాలి; స్థాపక సభ్యుల్లో ఏ ఒక్కరు రాతపూర్వకంగా కాదన్నా ఆ పని ఆగిపోవాలి; ఎవరూ కాదనకపోతే ఎవరికీ అభ్యంతరం లేదని లెక్క. ఆవిడ రాసిన నిబంధనే, ఆవిడ దస్తూరీలోనే ఉంది పాత మినిట్స్ పుస్తకంలో. రాసిన రోజుల్లో అయిదుగురూ రోజూ ఆ మెట్లెక్కేవాళ్ళు, ఆ బోర్డు ముందు నిలబడి ఊపిరి పీల్చుకుని రెండో వరస మెట్లకి తిరిగేవాళ్ళు, బోర్డులో పెట్టడమంటే మొహాన చెప్పడమే. రోజూ మెట్లెక్కేవాళ్ళ కోసం రాసుకున్న మాట అది. ఇప్పుడు ఆ మిగిలిన ఒక్కరూ రెండు వీధుల అవతల నేల చూస్తూ పడుకుని ఉన్నారు. అతను కాగితానికి నాలుగు మూలలా నాలుగు పిన్నులు గుచ్చాడు, తేదీ వేశాడు, గుమాస్తా చేత సాక్షి సంతకం కూడా చేయించాడు. ఎక్కడా వేలు పెట్టి చూపడానికి లేదు. అంత శుభ్రంగా చేశాడు. అంత శుభ్రంగా చేయాల్సి రావడమే, ఒకవేళ ఎవరైనా అడిగితే అన్న ఆలోచన చేతివేళ్ళకి ముందే తెలిసిపోవడమే, తలుచుకుంటే ఒళ్ళు చీదరగా ఉంది. పిన్నులు గుచ్చి అక్కణ్ణించి తిన్నగా పేపరు చంకలో పెట్టుకుని ఆవిడ దగ్గరికే వెళ్ళాడు.

కారణం లేకపోలేదు. కారణాలకేం, అవి ఎప్పుడూ ఉంటాయి. న్యాయవిద్య మండలి నుంచి ఉత్తరం వచ్చింది, ఏ యూనివర్సిటీకీ చెందని లా స్కూళ్ళ గుర్తింపు మరో ఏడాదిలో ఆగిపోతుందని, ఆ తరవాత అక్కడ చదివినవాళ్ళు కోటు వేసుకోవడానికి పరీక్ష రాయనివ్వమని. నూట నలభై మంది. పగలు ఎనభై, సాయంత్రం అరవై. వాళ్ళ చేతిలో రేపు పనికిరాని కాగితం పెట్టి పంపాలా. ఎక్కడో ఒక చోట గొడుగు కిందికి దూరక తప్పదు. ఇదంతా ఆవిడకి చెబితే అర్థం కాదా, చట్టం ఆవిడకి తెలియదా. తెలుసు. కానీ ఎనిమిదేళ్ళ కిందట ఇలాగే ఒక పెద్ద కాలేజీవాళ్ళు కలుపుకుంటామని వచ్చినప్పుడు ఆవిడ ఆ కాగితాలు చేత్తో కూడా ముట్టకుండా, నా గొంతులో ఊపిరి ఉండగా కాదు, దయచేయండి అని వాళ్ళని మెట్ల దాకా నడిపించింది. వాళ్ళు తాగుతున్న టీ కప్పులు బల్ల మీదే చల్లారిపోయాయి. అతనప్పుడు పక్కనే నిలబడి ఉన్నాడు. ఆ కప్పులు అతనే తీశాడు. ఆ గొంతు చెవిలో ఉండిపోయింది. ఎనిమిదేళ్ళుగా అదే గొంతు, అదే మాట. ఈ ఎనిమిదేళ్ళలో మళ్ళీ ఒకసారి అడిగి చూద్దామని ఎందుకనిపించలేదు. అడిగితే కాదంటుందనా. కాదంటే ఎదురు చెప్పాలనా. యాభై ఆరేళ్ళు వచ్చాయి, తల నెరిసింది, మనవరాలికి పళ్ళొచ్చాయి, ఇంకా ఆవిడ ఎదుట నిలబడితే చొక్కా జేబులో కాటా చీటీలు ఉన్నట్టే ఉంటుంది. భయమే. దానికి నూట నలభై మంది భవిష్యత్తు అని పేరు పెట్టుకున్నాడు, అంతే తేడా.

ఆకుపచ్చ తలుపు తెరుచుకుంది. అతను సగం లేచాడు. ఎవరో వేరే ఆవిడ. తలుపు మూసుకుంది. గోడ గడియారంలో ముప్పై అయిదు నిమిషాలు గడిచాయి.

యూనివర్సిటీ తరఫున వచ్చినాయన మెత్తటి మనిషి. మెత్తగా నవ్వుతాడు, మెత్తగా కూర్చుంటాడు, కాగితం తిప్పితే చప్పుడు కాదు. స్టాఫ్ రూములో అందరూ ఆయనకి మెత్తాయన అని పేరు పెట్టేశారు. మెత్తాయన మొదటి రోజే అన్నాడు, అడగండి మాస్టారూ, మీకేం కావాలో మొహమాటం లేకుండా అడగండి, మాకూ తొందరగానే ఉంది, తనిఖీవాళ్ళు వచ్చేలోపు మాకు న్యాయశాస్త్ర విభాగం కావాలి, మీకున్నంత పాత పేరు మేం ఎక్కడ కొనగలం. ఆ తొందర చూస్తేనే తెలుస్తోంది, ఏది అడిగినా ఇచ్చేస్తారని. అడిగాడు. పాఠాలు చెప్పేవాళ్ళెవరినీ తీసేయకూడదన్నాడు, సరేనన్నారు. గ్రంథాలయాన్ని ముక్కలు చేయకూడదన్నాడు, సరేనన్నారు. స్కూలు పేరు ఎక్కడో ఒక చోట మిగలాలన్నాడు, సరేనన్నారు, చిన్నక్షరాల్లో. పదకొండో పేరాలో ఉంది ఆ వాక్యం: సాయంత్ర విభాగంలో ఇకపై కొత్త ప్రవేశాలు ఉండవు. ఇప్పుడున్న అరవై మందీ పూర్తి చేసుకుంటారు, తరవాత ఆ దీపాలు ఆర్పేస్తారు. ఆ వాక్యం మూడుసార్లు చదివాడు. ఇది కొంచెం, అన్నాడు. మెత్తాయన పెన్ను ఎత్తి పట్టుకుని, నవ్వుతూనే, "మీ వాళ్ళెవరికైనా దీని మీద అభ్యంతరం ఉందా మాస్టారూ, ఉంటే చెప్పండి, రాసుకుంటాను" అన్నాడు. ఎవరు. ఎవరి పేరు చెప్పాలి. ఆ వాక్యం చూస్తే మంచం మీంచి లేచి వచ్చే మనిషి ఒక్కరే ఉన్నారు, ఆ మనిషి పేరు బల్ల మీద పెడితే, అయితే ఆవిడని పిలవండి మాట్లాడదాం అంటాడు మెత్తాయన, పిలిస్తే నోటీసు సంగతి బయటపడుతుంది, బయటపడితే మొత్తం ఆగిపోతుంది. నిద్రపోతున్న కుక్కని దాటి నడిచినట్టు నడిచాడు ఆ పేరుని దాటి. "ఎవరికీ లేదండీ" అన్నాడు. మెత్తాయన పెన్ను దించాడు. చప్పుడు కాలేదు.

పదో రోజు మధ్యాహ్నం సమావేశం. ఏడుగురు కూర్చున్నారు, స్థాపక సభ్యుల కుర్చీ ఖాళీ. ఒక కుర్రలెక్చరరు, పెద్ద టీచర్ గారికి చెప్పారా సార్ అని అడిగాడు. నోటీసు పెట్టాం కదా అన్నాడు. అదొక్కటే అన్నాడు. అడిగినవాడు అతని దగ్గర సంచి పాఠం విన్నవాడే, ఓ క్షణం అతని మొహంలోకి చూసి, తల దించుకుని తన కాగితాలు సర్దుకున్నాడు. రాతపూర్వక అభ్యంతరాలేవీ రాలేదని మినిట్స్‌లో తనే రాశాడు. పాత పుస్తకమే, పాతికేళ్ళ కింద ఆవిడ దస్తూరీ, ఇప్పుడు తన దస్తూరీ, రెండూ ఒకేలా ఉంటాయంటారు అందరూ, ఆవిడ దగ్గరే కదా రాయడం నేర్చుకుంది. ఆ రోజు పొద్దున పేపరు చదవడానికి వీలుకాక సాయంత్రం వెళ్ళాడు. ఆవిడ దిండ్ల సందులోంచి, ఏరా, బళ్ళో ఏమిటి విశేషాలు అంది. ఏమీ లేవండీ అన్నాడు. ఇదీ అసలైంది. నోటీసు కాదు, మినిట్స్ కాదు, అవన్నీ నిబంధన మాటున దాక్కుంటాయి. ఈ రెండు మాటలకి ఏ నిబంధనా లేదు. పీట మీద కూర్చుని, ఆవిడ మెడ వెనక తెల్లటి పలచటి జుట్టు చూస్తూ, ఒక చేత్తో ఆవిడకి స్ట్రా ఉన్న నీళ్ళగ్లాసు అందిస్తూ అన్నాడు. ఆవిడ తాగి, మంచిది, ఏమీ లేకపోవడమే మంచిది అంది.

సంతకాలు మొన్న అయ్యాయి. నిన్న సాయంత్రం క్లాసుకి వెళ్ళాడు, వాళ్ళకి తన నోటితో చెప్పాలి కదా, అక్కడైనా. సిటీబస్సు నడిపే ఆయన యూనిఫాంతోనే ముందు బెంచీలో, రాత్రి కాపలాకి వెళ్ళే ఇద్దరు చివర్న, మధ్యలో బట్టలు కుట్టే అమ్మాయి, ఎప్పటిలాగే కొలతల టేపు మెడలోంచి తీయడం మరిచిపోయి. మీకెవరికీ ఇబ్బంది లేదు, మీ చదువు మీకు పూర్తవుతుంది, పైగా యూనివర్సిటీ పట్టా వస్తుంది అన్నాడు. బస్సాయన చప్పట్లు కొట్టాడు, మిగతావాళ్ళూ కొట్టారు. క్లాసయ్యాక ఆ అమ్మాయి గుమ్మం దగ్గర ఆగింది. సార్, మా చెల్లి వచ్చే ఏడు చేరదామనుకుంటోంది, పగలు నాతో పాటే కుట్టుపని, ఫారాలు ఎప్పుడిస్తారు సార్. అతను ఆ టేపు మీది అంకెలు చూస్తూ నిలబడ్డాడు. చూద్దాం అమ్మా అన్నాడు. చూద్దాం. ఏం చూస్తాడు. ఆ గుమ్మంలోంచే తను లోపలికి వచ్చాడు, తల మీద ఊకతో. ఆ రోజున ఎవరైనా తనతో చూద్దాం అని ఉంటే ఇప్పటికీ కాటా దగ్గరే ఉండేవాడు, లేదా ఊళ్ళో అన్నయ్య వెనక నాగలి మేడి పట్టుకుని. తను ఎక్కివచ్చిన నిచ్చెనని తనే పైకి లాగేసుకున్నాడు. లాగుతున్నప్పుడు కింద ఎవరైనా ఉన్నారేమోనని తొంగి చూడలేదు, ఎందుకంటే చూస్తే పెద్ద టీచర్ గారికి చెప్పాల్సి వచ్చేది. అన్నీ తిరిగి తిరిగి అక్కడికే వస్తాయి, గానుగెద్దు లాగా.

తలుపు తెరుచుకుంది. ఈసారి ఆవిడే. నల్లకళ్ళజోడు, పక్కన చెల్లెలి కూతురు, చేతిలో మందుల చీటీ, మొహం వెలిగిపోతోంది. "పొర అతుక్కుందట బాబాయ్, భేషుగ్గా ఉందట. నేల చూపులు అక్కర్లేదన్నాడు డాక్టరు" అంది. పది రోజులు దాటినా, డాక్టరు చూసేదాకా ఎందుకని వంచుకునే ఉన్న తలని ఇప్పుడు నిటారుగా ఎత్తి నడుస్తోంది ఆవిడ, పదిహేను రోజుల్లో మొదటిసారి. వచ్చి అతని పక్క కుర్చీలో కూర్చుంది. నాలుగు కుర్చీలూ కదిలాయి. రేకు అతికించుకున్న పెద్దాయన సర్దుకుని జాగా ఇచ్చాడు.

"ఏరా, కారు చెప్పావా?"

"చెప్పానండీ. కింద ఉంది." పోగు చేసుకున్న మాటలు ఒక్కటీ లేవు. "టీచర్ గారూ, మనం వెళ్ళేముందు ఒకటి చెప్పాలి."

"చెప్పు."

చెప్పాడు. నీళ్ళు నములుతూ మొదలుపెట్టి, మధ్యలో తనకే అసహ్యం వేసి, తిన్నగా చెప్పేశాడు. మండలి ఉత్తరం, యూనివర్సిటీ, ఒప్పందం, మొన్న సంతకాలు. చెల్లెలి కూతురు మందుల చీటీ మడుస్తూ ఆగిపోయింది. ఆవిడ కళ్ళజోడు వెనక ఏముందో కనిపించలేదు.

"నోటీసు పెట్టావా?"

"పెట్టానండీ. ఏడు రోజులు. బోర్డులో."

"ఎప్పుడు?"

"మీ ఆపరేషనైన రెండో రోజు."

"పేపరు చదవడానికి వస్తుండేవాడివి కదూ అప్పుడు."

"అవునండీ."

లోపలి నుంచి నర్సు ఎవరి పేరో పిలిచింది, పక్కన పెద్దాయన లేచాడు, కుర్చీలు మళ్ళీ కదిలాయి.

"సాయంత్రం బడి?"

"ఉన్నవాళ్ళు పూర్తి చేసుకుంటారు. కొత్తవాళ్ళని తీసుకోరు."

"అది ఉంచమని నువ్వు అడగలేదా?"

"లేదండీ."

"ఎందుకు అడగలేదు?"

"అడిగితే మీ పేరు చెప్పాల్సి వచ్చేది." తన కొత్త చెప్పుల వైపు చూశాడు. "మీకు తెలిస్తే మొత్తం వద్దంటారని. ఎనిమిదేళ్ళ కింద వాళ్ళని మెట్ల దాకా నడిపించారు కదండీ. అందుకని, మీ చెవిన పడకుండా."

చెల్లెలి కూతురు, "బాబాయ్" అంది. ఆవిడ చేయి చాచి కుర్చీ చేయిని తడిమి పట్టుకుని లేచింది. లేచి నిలబడి, అతని వైపు తిరగకుండా, వరండా చివర వెలుతురు వైపు మొహం పెట్టి అంది:

"ఎనిమిదేళ్ళ కింద మండలి ఉత్తరం లేదు, అందుకని వద్దన్నాను. ఇప్పుడడిగుంటే సరేననేదాన్నే. సాయంత్రం బడి తీసేయకూడదని ఒక్క వాక్యం మాత్రం రాయించేదాన్ని."